బ్రేకు పిన్నుకు పూసిన గ్రీజు

మా బావ సైదులుకూ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు. బావ అంటే నా మొగుడికి సొంత అన్న. చిట్యాలలో హైవే పక్కన ఆయనది కార్ల మెకానిక్ షెడ్డు, నాది స్పేర్ పార్ట్స్ దుకాణం. మధ్యలో రేకు గోడ ఒక్కటే అడ్డం. మా మామ దినాలనాడు రోడ్డు వైపు జాగా ఎవరిదన్న దగ్గర మొదలైన గొడవ ఆ రేకు గోడ లేపేదాకా పోయింది. నా మొగుడు లారీ మీద పోయి నెలకోసారి వస్తాడు, వచ్చినా ఆ మాట ఎత్తడు. ఇద్దరి దగ్గరా మంచివాడు అనిపించుకోవాలని ఆయన ఆశ. నాకు అట్లాంటి ఆశలేమీ లేవు.

మాటల్లేకపోతే పనులు ఆగుతాయా? తన షెడ్డుకు వచ్చిన బండికి సామాను కావాలంటే బావ ఆ బండి ఆయన్నే నా దగ్గరికి పంపుతాడు. "పో, గా దుకాణంల ఉంటయేమో అడుగు" అని నాకు వినబడేటట్టు అరుస్తాడు. నేనూ తక్కువ తినలేదు. ఆయనకు చెప్పాల్సింది ఏమన్నా ఉంటే గిరాకీతో చెప్పి పంపుతాను, లేదంటే రేకు వైపు తిరిగి గట్టిగా అంటాను. చిట్యాలలో అందరికీ ఇది అలవాటైపోయింది.

పోయిన నెల సాల్మన్ టాక్సీకి ముందు బ్రేకు ప్యాడ్లు మార్చాల్సి వచ్చింది. సాల్మన్ మాటంటే ఇక్కడి టాక్సీ అడ్డాలో అందరికీ మాటే. అడ్డా బండ్లు పన్నెండు, వాటి సామానంతా నా దగ్గరే కొంటారు. అవి పోతే నేను షట్టరు దించుకుని ఇంట్లో కూర్చోవాలి. ఆ రోజు ఆయన తల్లి ఈదమ్మ కూడా వచ్చింది. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషి, వంగలేదు, లేవలేదు. నా దుకాణం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఆమె అంటే నాకు ఇష్టం.

సాల్మన్ ప్యాడ్లు తీసుకుని, "అక్కా, ఇంకేమన్న కావాల్నా?" అని అడిగాడు.

కావాలి. ప్యాడ్లు మార్చినప్పుడు వాటిని నొక్కే క్యాలిపర్ అటూ ఇటూ జరిగేందుకు ఉండే పిన్నులను బయటికి తీసి, పాత గ్రీజంతా తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా పూయాలి. ఆ పిన్నులకు రబ్బరు తొడుగులుంటాయి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది, పిన్ను ఇరుక్కుంటుంది, ప్యాడు చక్రంతోపాటు తిరిగే డిస్కును వదలదు. సిలికాన్ గ్రీజు రబ్బరును ఏమీ చేయదు, వేడికి తట్టుకుంటుంది. అది కూడా పిన్నుల వరకే, ప్యాడు ముఖానికో డిస్కుకో అంటిందంటే బ్రేకు జారుతుంది. ఇదంతా నాకు తెలుసు. చిటికెన వేలంత ట్యూబు, నా కౌంటరు మీదనే ఉంది.

"మీ మేస్త్రీని అడుగు" అన్నాను.

సాల్మన్ పోయి బావను అడిగాడు. "గ్రీజు నా కాడ మస్తున్నది, ఎవలనో అడుక్కునే ఖర్మ నాకేంది?" అని బావ రేకు వైపు చూసి అరిచాడు. నా ఒళ్లు మండింది. తరువాత ఆయన ట్రాక్టర్ బేరింగుల పసుపు గ్రీజు డబ్బాలో రెండు వేళ్లు ముంచి ఆ పిన్నులకు దట్టంగా పూస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. పూసుకో, నీ పరువే పోతుంది అనుకున్నాను. సంతోషంగానే అనుకున్నాను.

పోయిన శుక్రవారం నల్గొండ రోడ్డు దిగుడులో సాల్మన్ బండి ముందు చక్రం పొగలు కక్కింది. వదలని ప్యాడు రాపిడికి బ్రేకు ఆయిలు మరిగి, పెడలు మెత్తగా కిందికి పోయింది. చెయ్యి బ్రేకు లాగి, పొలం గట్టుకు గుద్ది ఆపాడు. లోపల ప్యాసింజర్లతోపాటు ఈదమ్మ ఉంది. అందరూ దూకారు, ఆమె దూకలేదు. పొగలోనుంచి ఆమెను ఇద్దరు మోసుకొచ్చారు.

మర్నాడు పొద్దున బండిని లాక్కొచ్చి మా రెండు దుకాణాల ముందు నిలబెట్టారు. అడ్డా మొత్తం వచ్చింది. ఈదమ్మ ఆటోలో కూర్చుంది, మోచేతికి కట్టు.

"నా పనిల తప్పు లేదు సాల్మన్. ఆమె డూప్లికేట్ ప్యాడ్లు అమ్మింది. జనాన్ని సంపుతది" అన్నాడు బావ.

"గా మనిషికి చెప్పు సాల్మన్, చక్రం ఇప్పమని. అందరి ముంగట ఇప్పమను" అన్నాను నేను.

బావే విప్పాడు. ఒక పిన్ను చేతికి రాలేదు, సుత్తితో కొడితే వచ్చింది. రబ్బరు తొడుగు ఉబ్బి, మెత్తబడి, గాడిలోనుంచి బయటికి లేచి ఉంది. లోపలంతా కాలిన పసుపు గ్రీజు. నేను కొత్త తొడుగు తెచ్చి దాని పక్కన పెట్టాను. పాతది దాదాపు రెండింతలుంది.

"చూడున్రి. గ్రీజు ఎవలది? నా ప్యాడ్లదా తప్పు?" అన్నాను. మూడేళ్ల కసి తీరింది. బావ ముఖం నల్లబడింది.

సాల్మన్ ఆయన కాలరు పట్టుకున్నాడు. "గిది పెట్టొద్దని ఎరుక లేదా నీకు?"

"ఎవలు చెప్పిండ్రు నాకు? ముప్పై ఏండ్ల సంది గదే పెడుతున్న" అన్నాడు బావ. అబద్ధం కాదది, ఆయనకు నిజంగానే తెలియదు.

"నేను జెప్త, ఏది పెట్టాల్నో" అని నేను గబగబా లోపలికి పోయి సిలికాన్ ట్యూబు తెచ్చి అందరికీ చూపించాను.

ఆటోలోనుంచి ఈదమ్మ పిలిచింది. "లక్ష్మీ, గది గారోజు కూడ నీ కాడ ఉన్నదా?"

"ఉన్నది."

"ఆయన పూస్తాంటె నువ్వు దర్వాజల నిలబడి సూస్తనే ఉన్నవ్. నేను నీ పక్కనే కూసున్న. ఎందుకు చెప్పలే బిడ్డా?"

అడ్డా అంతా నా వైపు తిరిగింది. "మాకు మాటల్లేవు పెద్దమ్మా" అన్నాను.

"మీకు లేకుంటె లేకపాయె. నాతోని ఉన్నయ్ గదా."

నాకు సిగ్గేసింది, అందరి ముందూ కాదు, ఆమె ముందు. సాల్మన్ బావ కాలరు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ట్యూబు అందించబోతే దాని వైపు చూడను కూడా చూడలేదు. చక్రం బిగించి బండికి తాడు కట్టమని అడ్డావాళ్లకు చెప్పి, తల్లి పక్కన ఆటో ఎక్కాడు. వేరే మేస్త్రీ దగ్గరికి, వేరే దుకాణానికి, అందరూ కలిసి నార్కట్‌పల్లి వైపు పోయారు.