ఊదారంగు నట్లు

గరాజు తలుపు ఎత్తేసరికి లోపల కారు లేదు.

లచెజార్ చేతిలో పాలిష్ డబ్బా, మెత్తటి గుడ్డ అలాగే ఉండిపోయాయి. వాటి కోసమే బజారుకు వెళ్లాడు. వెళ్లి వచ్చింది కాఫీ తాగినంత సేపే. ఈలోగా నాలుగు తలుపుల జపాన్ సెడాన్ ఉండాల్సిన చోట ఖాళీ నేల కనిపిస్తోంది. మూలన బల్ల మీద అయస్కాంతపు పళ్లెం ఉంది. పళ్లెం నిండా నల్లటి ఉక్కు నట్లు. కారు చక్రాలకు బిగించి ఉండాల్సిన నట్లు.



రేపు ప్లోవ్‌డివ్‌లో కార్ల ప్రదర్శన. అతను పేరిచ్చింది ‘ఇంటి కారు’ తరగతికి. అందులో కారును ట్రాలీ మీద తెస్తే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. వెనక సీట్లో పిల్లల కుర్చీ బిగించి, సొంత చక్రాల మీద నడుపుకుంటూ రావాలి. జడ్జీలు డిక్కీ తెరిచి పిల్లల తోపుడుబండి పడుతుందో లేదో చూస్తారు. ఆ తర్వాత తెల్ల చేతితొడుగులు వేసుకుని చక్రాల దగ్గర కూర్చుంటారు. అందుకే క్లబ్బులో అందరూ ఒకటే చేస్తారు. మైదానం దాకా ఉక్కు నట్లతో వెళతారు. అక్కడ వాటిని విప్పి, రంగు వేసిన అల్యూమినియం నట్లు పెడతారు. వాటి మీద పానా పెడితే రంగు గీరుకుపోతుంది కాబట్టి వేళ్లతోనే తిప్పి వదిలేస్తారు. నిలబడి ఉండే కారుకు అది చాలు.

నిన్న సాయంత్రం లచెజార్ ఆ ఊదారంగు నట్లు ఎలా ఉంటాయో చూద్దామని పెట్టాడు. చాలా బాగున్నాయి. ముదురాకుపచ్చ కారు మీద ద్రాక్షపళ్లలా మెరుస్తున్నాయి. పొద్దున మార్చేద్దాంలే అని పడుకున్నాడు.

కారు ఎక్కడికి వెళ్లిందో ఆలోచించక్కర్లేదు. ఇవాళ ఎలెనా పేరున్న వాళ్లందరికీ నామదినం, పుట్టినరోజులాంటి పేరు పండగ. అత్తగారి పేరు ఎలెనా. నామదినానికి ఎవరూ ఎవరినీ పిలవరు, ఊరంతా దానంతటదే వచ్చి కూర్చుంటుంది. వంటకు సాయం చేయాలని రలిత్సా తెల్లారినప్పటి నుంచీ తొందరపడుతూనే ఉంది. పాలిష్ అయ్యాక వెళదామని అతను. నీ పాలిష్ అయ్యేసరికి అమ్మ వచ్చే ఏటి నామదినం చేసుకుంటుందని ఆమె. ఆమె దగ్గర రెండో తాళం ఉంది. పాపను ఎక్కించుకుని గాబ్రోవో నుంచి షిప్కా కనుమ మీదుగా కజాన్లక్ బయల్దేరి ఉంటుంది. ఇటు కొండ ఎక్కాలి, అటు మలుపుల మీద మలుపులుగా దిగాలి.

ఫోను చేశాడు. రెండో రింగుకే ఎత్తింది.

“చెప్పు.”

వెనక నాలుగేళ్ల నేవెనా ఏదో పాడుతోంది. లచెజార్ నోరు తెరిచాడు. కిందటి చలికాలం కొత్త వైరింగ్ కోసం బ్యాటరీ తీగ విప్పి, మళ్లీ పెట్టడం మరిచిపోయాడు. తల్లీకూతుళ్లు బాలబడి బయట మంచులో ఇరుక్కుపోయారు. ఆ రోజు రలిత్సా ఒకే మాట అంది. ఇంకొక్కసారి ఇలా జరిగితే కారు అమ్మేస్తున్నాం. అతను పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

“వెనక్కి తిప్పు,” అన్నాడు. “ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఇప్పుడే తీయాలంటున్నాడు.”



“మా అమ్మ నామదినం ఇవాళ. నీ కారుకు కాదు. మంచి ఫొటో నాది ఒకటుంది, పర్సులో పెట్టుకున్నావుగా, అది తీసి చూసుకో.”

“రలిత్సా, విను—”

లైను తెగింది. మళ్లీ చేశాడు. ఫోను ఆపేసి ఉంది.

అప్పుడు తెలిసింది లచెజార్‌కు తను ఏం చేశాడో. చక్రాల సంగతి పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఉక్కు నట్లన్నీ జేబుల్లో కుక్కుకున్నాడు. జాకీ, బిగింపు కొలిచే పానా చంకలో పెట్టుకుని పక్కింటికి పరిగెత్తాడు. స్టంకా అనే పెద్దావిడ బనిత్సా, అంటే జున్ను పెట్టిన పొరల రొట్టె, అమ్మే దుకాణం నడుపుతుంది. వీధిలో అందరికీ ఆమె లెల్యా స్టంకా, అత్తలాంటిది. దుకాణం ముందు ఆమె తెల్ల వ్యాను నిలబడి ఉంది.

“లెల్యా స్టంకా! వ్యాను తాళాలివ్వు!”

“ఏం నాయనా, నీ రాకెట్టు ఎగరనంటోందా? దాన్నిండా నామదినం ఆర్డర్లున్నాయి. వేడి బనిత్సా. దింపాకే ఎక్కడికైనా.”

“రలిత్సా నా కారు తీసుకెళ్లింది. పాప కూడా ఉంది. చక్రాలు బిగించలేదు.”

ఆమె పిండి చేతులతోనే జేబులో వెతికి తాళాలు విసిరింది. “మూడో గేరు మొండికేస్తుంది, గట్టిగా నెట్టు. పో! నిలబడతావేంట్రా, పో!”

పక్కింటావిడకు ఎంత తేలిగ్గా చెప్పేశాడు! ఆ మాట మొదటి మలుపు దాకా అతన్ని పొడుస్తూనే ఉంది.

వ్యాను రొప్పుతూ కొండెక్కుతోంది. వెనక రేకుపళ్లాలు గలగలమంటున్నాయి. లచెజార్ కళ్లముందు చక్రం తప్ప ఇంకేమీ లేదు. ఆ కారులో అతను ఆలోచించని అంగుళం లేదు. బాలబడి దారిలో గతుకులకు అడుగు తగలకుండా కారును ఎంత కిందికి దించాలో కొలిచాడు. పాప నిద్రపోతే సైలెన్సర్ మోత తగ్గేలా మీట పెట్టాడు. ముందు సీట్లకు వేసిన ఎర్ర కుట్టే పిల్లల కుర్చీకీ తనే కూర్చుని కుట్టాడు. అన్నీ చూశాడు. బిగించడం మాత్రం వదిలేశాడు.

ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోను పలకడం లేదు. కనుమ శిఖరం మీద బండి పెట్టి చిక్కుళ్ల సూపు అమ్మే మిన్చోకు చేశాడు. మిన్చో ఒకప్పుడు లారీ తోలినవాడు, కుర్రాళ్లందరికీ ‘బాయ్’, అంటే అన్న. ఇప్పటికీ గరిటె పక్కన లారీవాళ్ల రేడియో మోగుతూనే ఉంటుంది.

“బాయ్ మిన్చో, రలిత్సా కనబడిందా?”

“ఇప్పుడే దాటింది. చెయ్యెత్తాను, చూడనే లేదు మహారాణి. ఒరే, ఆ ఊదారంగు నట్లు రోడ్డు మీద కూడా తిప్పేస్తున్నావా? మగాడివిరా!”

“చేత్తో తిప్పినవన్నా అవి.”

“చేత్తోనా?”

“రంగు గీరుకుంటుందని.”

మిన్చో కజాన్లక్ వైపువాడు, గాబ్రోవోవాళ్ల పిసినారితనం మీద జోకులు అక్కడ మామూలు. మామూలుగా అయితే ఈ సందు వదిలేవాడు కాదు. “గాబ్రోవోలో వెచ్చదనం పోకుండా తలుపు తొందరగా మూసుకోవచ్చని పిల్లి తోక కోస్తారంటే ఇన్నాళ్లూ నవ్వుకున్నాన్రా,” అన్నాడు. నవ్వలేదు. “ఫోను ఎత్తట్లేదా?”

“ఆపేసింది.”

“నేను వెంటపడదామంటే నా బండికి ఇంజనే లేదు. ఎలా ఆపడం?”

లచెజార్ మూడో గేరును గట్టిగా నెట్టాడు. అప్పుడు తట్టింది.

“రేడియోలో చెప్పు. కింద నుంచి ఎక్కే లారీలన్నింటికీ చెప్పు. ఆకుపచ్చ సెడాన్ ఎదురైతే లైట్లు వెయ్యమను.”

ఎదురొచ్చే బండి రెండుసార్లు లైట్లు వేసిందంటే ముందు పోలీసులున్నారని అర్థం. ముక్కూమొహం తెలియనివాడికి కూడా చేసే సాయం అది. ఎంత తలబిరుసు డ్రైవరైనా అప్పుడు కాలు తీస్తాడు.

“ఆగదురా, మెల్లగా పోతుంది అంతే.”

“మెల్లగా పోతే చాలు. మెల్లగా పోతే చక్రం చప్పుడు వినబడుతుంది.”

శిఖరం దాటి వ్యాను అటువైపు దిగడం మొదలుపెట్టింది. ఎడమచేతి వైపు లోయ. లచెజార్ ప్రతి మలుపులోనూ ముందు కంచె చూశాడు, తర్వాతే రోడ్డు. కంచె ఎక్కడా వంగలేదు. ఇక్కడిదాకా బాగానే వెళ్లింది. ఇక్కడిదాకా కూడా. ఎదురుగా కట్టెల లారీ మూలుగుతూ వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కిందికి చూపించాడు. ఏం చూపించాడు? అక్కడ ఉందనా? అక్కడ పడిందనా?

తర్వాతి మలుపులో తారు మీద ఏదో మెరిసింది.

ఊదారంగు.

వ్యాను ఆపలేదు. ఇంకో మలుపు, ఇంకో మెరుపు. అతని నోటి వెంట ప్రార్థనో బూతో తనకే తెలియని మాటలు వస్తున్నాయి. వ్యాను మలుపు తిరిగింది. రోడ్డు పక్క రాతి ఊటకుళాయి, దాని ముందు నిలిపి ఉన్న ముదురాకుపచ్చ కారు.

కుళాయి గట్టు మీద నేవెనా కూర్చుని కాళ్లూపుతోంది. రలిత్సా కారు ముందు నిలబడి ఉంది. ఎడమ ముందు చక్రం ఒక పక్కకు వాలిపోయింది. దానికి మిగిలినవి రెండే నట్లు.

లచెజార్ దిగి, ముందు పాప దగ్గరికే వెళ్లాడు. పట్టుకున్నాడు. వదల్లేదు.

“నాన్నా, నలుపుతున్నావు,” అంది నేవెనా. “పోలీసులు ఎక్కడ? అందరూ లైట్లు వేశారు. ఒక్క పోలీసూ లేడు.”

రలిత్సా అతని వైపు చూడకుండా మాట్లాడింది. “మొదట ఒక లారీ. తర్వాత బస్సు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా. ఇంతమంది వేస్తుంటే పెద్ద తనిఖీయే అనుకుని పాకుతూ వచ్చాను. అప్పుడు వినబడింది, టకటకా అని. స్పీడులో ఉంటే నీ సైలెన్సర్ మోతలో వినబడేదే కాదు.” ఆగింది. “ఫొటోగ్రాఫర్ వెళ్లిపోయాడా?”

“ఎవరూ రాలేదు.”

“మరి ఎందుకు చెప్పలేదు? నట్లు బిగించలేదు, ఆపు. ఇంతేగా?”

“చెబితే కారు అమ్మెయ్యమంటావని.”

ఇప్పుడు చూసింది. “అనేదాన్ని. తప్పకుండా అనేదాన్ని లాచో. కానీ ముందు ఆపేదాన్ని.”

అతను ఉక్కు నట్ల కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

“పాప కుర్చీ విప్పు,” అంది. “వ్యానులో పెట్టు.”

విప్పాడు. ఎర్ర కుట్టు మీద వేళ్లు జారుతున్నాయి. వ్యాను ముందు సీట్లో కుర్చీ పెట్టి పట్టీ లాగి కట్టాడు. రలిత్సా అతన్ని తప్పించి తనే మళ్లీ లాగి చూసుకుంది. తర్వాత పాపను కూర్చోబెట్టి, స్టీరింగు ముందుకెక్కి ముక్కు ఎగబీల్చింది.

“ఈ వాసనేంటి?”

“బనిత్సా. లెల్యా స్టంకాది. మూడో గేరు మొండికేస్తుంది, గట్టిగా—”

“నాకు తెలుసు. ఆవిడ బండి నేను నీకంటే ముందు తోలాను.”

వ్యాను మలుపులో మాయమైంది.

లచెజార్ జాకీ వేశాడు. ఎడమ ముందు చక్రానికి రెండు బోల్టుల మరలు నలిగిపోయాయి. వాటి మీద ఏ నట్టూ ఎక్కలేదు. మిగతా మూడింటికీ ఉక్కు నట్లు పెట్టి, సరిపడా బిగిసిందని పానా టిక్కుమనే దాకా బిగించాడు. మిగిలిన చక్రాలూ అంతే. ఊదారంగు నట్లు విప్పి కారు లోపల కింద పారేశాడు. ఈ బోల్టులతో రేపు ఏ గేటూ దాటనివ్వరు. ఆ సంగతి అతనికి తట్టింది, కానీ అది ఎవరి సంగతో అన్నట్టుంది.

నడుస్తున్న మనిషి దాటిపోయేంత నెమ్మదిగా దిగాడు. కొంచెం దూరం పోగానే ఆపి, దిగి, ప్రతి నట్టు మీదా పానా పెట్టాడు. టిక్. టిక్. ఎక్కాడు. ఇంకో మలుపు దాటాక ఏదో చప్పుడు విన్నట్టనిపించి మళ్లీ ఆపాడు. టిక్. అన్నీ గట్టిగానే ఉన్నాయి. నమ్మకం కలగలేదు.

కొండ దిగి గులాబీ తోటల మధ్యకు వచ్చాక ఫోను మోగింది. వెనక జనం, గ్లాసుల చప్పుడు.

“ఎక్కడున్నావు?” అంది రలిత్సా.

దగ్గర్లోనే ఉన్నానని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

“రోడ్డు పక్కన. మళ్లీ నట్లు చూసుకుంటున్నా. ఇంకా చాలా దూరం ఉన్నాను.”

“ఎన్నోసారి?”

“లెక్కపెట్టలేదు. చేతులు ఆగడం లేదు.”



“బనిత్సా సగం అయిపోయింది. లెల్యా స్టంకాకు నువ్వే చెప్పుకో. కారు సంగతి రేపు మాట్లాడదాం.” ఫోను పెట్టబోతూ ఆగింది. “నెమ్మదిగా రా.”

“వస్తున్నా.”

లచెజార్ కారెక్కి తాళం తిప్పబోయి, దిగి, పానా తీసుకుని ఎడమ ముందు చక్రం దగ్గర మళ్లీ కూర్చున్నాడు.