వల్మీరా నమ్మిన పాఠం

ఆ ఏడాది మా వ్లోరా ఊళ్లో ఒళ్లు వంచి పని చేసేవాణ్ని వెర్రివాడి కింద జమకట్టేవారు. ఉన్నదంతా తీసుకెళ్లి ఊళ్లో కొత్తగా వెలిసిన వడ్డీ కంపెనీలో వేస్తే నెలకు నూటికి పది చొప్పున వడ్డీ వచ్చేది. జనం కాఫీ హోటళ్లు వదిలి కదిలేవారు కాదు. నేను హైస్కూల్లో అర్థశాస్త్రం చెప్పేదాన్ని. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక కొత్తగా పెట్టిన సబ్జెక్టు. పొదుపు, వడ్డీ అన్న మాటలు పిల్లలకే కాదు, కన్నవాళ్లకూ కొత్తే.

1996 అక్టోబరులో ఒకరోజు పుస్తకం మూసి, బోర్డు మీద ఆ కంపెనీ సంగతే రాశాను. దానికి ఫ్యాక్టరీ లేదు, సరుకు లేదు. ఇవాళ చేరినవాడి డబ్బే నిన్న చేరినవాడికి వడ్డీగా ఇస్తున్నారు. కొత్తవాళ్లు రావడం ఆగిన రోజున అందరిదీ పోతుంది.

"అయితే మా ఇల్లు?" అంది రెండో బెంచీలోంచి వల్మీరా. కంపెనీలో వేయడానికి వాళ్ల నాన్న నెజిప్ ఇల్లు బేరం పెట్టాడు.

"అమ్మనివ్వకు," అన్నాను.

ఆ పిల్ల ఇంటి కాగితాలు దాచేసింది. నెజిప్ కొట్టి మరీ బయటికి తీయించాడు. మర్నాడు స్కూలుకొచ్చాడు.

"ఏం టీచరమ్మా, నీ జీతమెంత? దానికి మూడింతలు నాకు కూర్చుంటే వస్తాయి. ఎవరు ఎవరికి పాఠం చెప్పాలి?"

హెడ్‌మాస్టర్ సోతిర్ పకపకా నవ్వాడు. ఆయన డబ్బూ ఆ కంపెనీలోనే ఉంది. "మా టీచరుకి పాతకాలం వాసన ఇంకా వదల్లేదులెండి," అని, నెజిప్ వెళ్లాక నావైపు తిరిగాడు. "ఇకమీదట పుస్తకంలో ఉన్నది చెప్పండి, చాలు."

నెజిప్ ఇల్లు అమ్మేశాడు. మా ఇంట్లో మా ఆయన కుయ్‌టిమ్ రోజూ ఒకటే పోరు.

"నీ లెక్కే నిజమైతే ఇన్నాళ్లు ఎలా ఇస్తున్నారే? ఊరంతా మూర్ఖులు, నువ్వొక్కదానివే తెలివైనదానివా?"

మొదట్లో జవాబు చెప్పేదాన్ని. పోనుపోను నాకు తెలియని కిటుకేదో ఉందేమో అనిపించసాగింది. ఒంటరిగా తెలివైనదాన్నై ఉండటం ఎంత అలసటో అప్పుడు తెలిసింది. డిసెంబరులో ఎవరూ గుర్తుపట్టకుండా తలకు రుమాలు కట్టుకుని కంపెనీకి వెళ్లి, కుయ్‌టిమ్ గ్రీసులో రెండేళ్లు నారింజలు కోసి దాచినదంతా కట్టి రసీదు తీసుకున్నాను.

జనవరిలో కంపెనీ తలుపులు మూసింది. గేటు దగ్గర జనాన్ని తోసుకుంటూ నేనూ ముందుకెళ్లాను. నెజిప్ కాలిబాట మీద కూలబడి ఉన్నాడు. పక్కన వల్మీరా.

"మీరెందుకొచ్చారు టీచర్?" అంటూనే నా చేతిలో రసీదు చూసింది. తేదీ చదివింది. "అంటే ఆ రోజు మాకు చెప్పింది అబద్ధమా?"

"నిజమే చెప్పాను."

"మరి తెలిసే వేశారా?"

నెజిప్ తలెత్తాడు. తిడతాడనుకున్నాను. కాస్త జరిగి చోటిచ్చాడు. అతని పక్కనే కూర్చున్నాను.

ఎవరికీ ఏమీ రాలేదు. సెప్టెంబరులో సోతిర్ మళ్లీ అదే సబ్జెక్టు ఇవ్వబోతే, వద్దని భూగోళం అడిగి తీసుకున్నాను. వల్మీరా చదువు అంతటితో ఆగిపోయింది. ఇప్పుడు బూట్ల కార్ఖానాలో కుట్టుపని చేస్తోంది. ఎదురుపడితే "బాగున్నారా టీచర్?" అని నవ్వుతూ పలకరిస్తుంది. దూరం నుంచే ఆమెను గుర్తుపట్టిన రోజుల్లో నేను వీధి మారతాను.