ముసలమ్మ పోయిందన్న ఫోను

మా ఆయనకి ఇద్దరు ముసలమ్మలు. ఒకరు ఆయన్ని కన్న మా అత్తయ్య. రెండోది తీర రక్షక దళం వాళ్ల గస్తీ పడవ. మా ఆయన దాని ఇంజను మెకానిక్కు. పడవకి సర్కారు ఇచ్చిన నంబరేదో ఉంది గానీ, పనిచేసేవాళ్లంతా ముసలమ్మ అనే పిలుస్తారు.

వయసులో ఉన్నప్పుడు అది దొంగసరుకు పడవల్ని తరిమి తరిమి పట్టుకుందట. తుఫాన్లలో ఎంతమంది జాలర్లని ఒడ్డుకి చేర్చిందో లెక్కలేదు. ఇప్పుడేమో అడుగు రేకంతా అతుకుల మీద అతుకులు. వచ్చే నెల పక్కన పెట్టేస్తామన్నారు పైవాళ్లు. అప్పటిదాకా ఆ డొక్కు ఎక్కొద్దు, సెలవు పెట్టమని నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. దాని సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదని నవ్వి వెళ్లిపోయేవాడు. నా మాట వింటే ఆయన మా ఆయనెందుకవుతాడు!

ఆ ఉదయం వాళ్ల ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. "వదినా, ముసలమ్మ పోయింది" అని ఏడుస్తూ పెట్టేశాడు.

అత్తయ్య జ్వరంతో ఆస్పత్రిలో ఉంది. అక్కడ మేమిచ్చింది ఆయన ఆఫీసు నంబరే. ఇంకేముంది, పోయింది అత్తయ్యే అనుకున్నాను. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. తల్లి పోయే వేళ సముద్రంలో ఏం పని అని దారంతా ఆయన్ని తిట్టుకుంటూ ఏడ్చాను.

వార్డులో అత్తయ్య మంచం మీద కూర్చుని, గంజిలో ఉప్పు లేదని నర్సుతో పోట్లాడుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెని వాటేసుకుని నవ్వేశాను.

"ఎవరు పోయారనే ఆ ఏడుపు మొహం?" అంది.

పోయింది ఏ ముసలమ్మో నాకప్పుడు తెలిసింది.

రేవుకి పరుగెత్తాను. అక్కడ పడవలోంచి బయటపడ్డవాళ్లందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఆయన లేడు. కెప్టెన్ తల ఎత్తకుండా చెప్పాడు. చెడిపోయిన పడవలోని జాలర్లని ఎక్కించుకుని వస్తుంటే అడుగు రేకు చీలిందట. అందరినీ రబ్బరు తెప్పల్లోకి దించేదాకా నీళ్లు తోడే పంపు ఆగకూడదు. అది ఆయన చేతికి తప్ప లొంగదు. వద్దంటున్నా కింద ఇంజను గదిలోకి దిగాడట. ఆఖరివాడు తెప్పలోకి దూకాడో లేదో, పడవ ఒక్కసారిగా తిరగబడి మునిగిపోయింది.

ఇంకొకరి నోట వినకూడదని మళ్లీ అత్తయ్య దగ్గరికి వెళ్లాను. పడవ మునిగిందని చెప్పాను. ఆమె కంగారే పడలేదు.

"మునిగితే మునగనీ. వాడికి ఈత నేర్పింది నేను. ఎంత దూరమైనా ఈదుకొస్తాడు."



"ఈదడానికి ఆయన బయటికే రాలేదు అత్తయ్యా" అన్నాను.