వేలిముద్ర సరిపోయింది

కొత్త పద్ధతి వచ్చాక అన్ని శాఖల లెక్కలూ ఒకచోటే కలిపేశారు. పన్ను కట్టాలన్నా, వృద్ధుల భత్యం కావాలన్నా ఒకే హాలుకు రావాలి. వేలు పెడితే చాలు, మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ తెర మీదికొస్తాయి. మూడో కిటికీలో కూర్చునే అమ్మాయిని తోటివాళ్లు చురుకమ్మ అనేవారు. ఆమె ముందు క్యూ ఇట్టే కరిగిపోయేది.

ఆ మధ్యాహ్నం ఒక గడ్డపాయన వచ్చాడు. పక్కనున్నావిడ అతని చెయ్యి వదలడం లేదు.

"భత్యానికి రాయించాలమ్మా. కాగితాలేం లేవు. ఈయనకేమో మొహమాటం, నేనే లాక్కొచ్చాను" అంది.

అతను బిక్కుబిక్కుమంటూ వేలు పెట్టాడు.

తెర ఎర్రబడింది. రోడ్లశాఖలో రోలర్ డ్రైవర్. వరదలో కొట్టుకుపోయి మృతి. కుటుంబ పింఛను పొందుతున్నది భార్య. ఆ భార్య పేరు చురుకమ్మ తల్లిదే.

యంత్రం పొరబడిందనుకుంది. వేలు తుడిపించి మళ్లీ పెట్టించింది. మళ్లీ అదే. పక్కనే ఫొటో. వాళ్లింట్లో గోడ మీదున్న ఫొటోయే.

"ఏంటమ్మా, మొరాయిస్తోందా?" అన్నాడతను.

చిన్నప్పుడు రోజూ సాయంత్రం రోలర్ గురించి నాన్న నోట విన్న మాట అది. అదే గొంతు.

"నాన్నా..."

పక్కావిడ నవ్వింది. "ముసలాళ్లందర్నీ ఇలాగే పిలుస్తావా తల్లీ?"

అతను నవ్వలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బుజ్జీ!" అన్నాడు.

"చచ్చిపోయావన్నారు కదా! అమ్మ ఏడాదిపాటు ఏటిగట్టున తిరిగింది."

"నీళ్లు నన్ను అవతలికి తోసేశాయి. వద్దామనే అనుకున్నా. మీకు పింఛనొస్తోందని తెలిసింది. నేను తాగి తగలేసే జీతం కన్నా, నా చావే మీకు నయమనిపించింది."

"నాకెవరూ లేరన్నావే!" అంది పక్కావిడ. పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

'ముద్ర సరిపోలేదు' అని ఒక మీట నొక్కితే చాలు, అంతా మాసిపోతుంది. చురుకమ్మ వేలు దాని మీదికి వెళ్లి ఆగిపోయింది. లేచి పర్యవేక్షకుడి దగ్గరికి నడిచింది. "సార్, ఈ పని నేను చెయ్యకూడదు. ఆయన మా నాన్న." తన మాటలు తనకే ఎవరో అన్నట్టు వినిపించాయి.

ఇంటికెళ్లేసరికి తల్లి జాకెట్టు కుడుతోంది. సంగతి చెప్పగానే మిషను మీద కాలు ఆగిపోయింది.

"ఆయనేనా? సరిగ్గా చూశావా?"

"మాట్లాడాను కూడా అమ్మా."

తల్లి సూదిలోంచి దారం తీసేసి, మళ్లీ ఎక్కించబోయింది. ఎక్కలేదు.

మర్నాడు పొద్దున్నే తల్లి హాలుకొచ్చి అందరితోపాటే క్యూలో నిలబడింది. వంతు రాగానే పర్యవేక్షకుణ్ణి పిలిపించింది. "మా ఆయన బతికే ఉన్నాడట. నా పింఛను ఆపెయ్యండి."

"విచారణ అయ్యేదాకా ఆగండమ్మా. ఇందులో మీ తప్పేం లేదు."

"విచారణ మీ ఇష్టం. బతికున్నవాడి చావు సొమ్ము ఇక నాకొద్దు."

సంతకం చేసి, నిబ్బరంగానే బయటికి నడిచింది. మెట్ల దగ్గర మాత్రం కూలబడి, పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగకపోయేసరికి కాపలావాడు నీళ్ల సీసాతో పరుగెత్తాడు. చురుకమ్మ క్యూని అలాగే వదిలేసి, అతని వెనకే పరుగెత్తింది.