ఇంటి పిల్లికి శకునం లేదు

ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చేసరికి చెంచురామయ్య గడ్డం గీసుకుంటున్నాడు. సహకార సొసైటీ అధ్యక్ష పదవి ఆయనకేనట. మధ్యాహ్నంలోగా వెళ్ళి దండ వేయించుకోవాలట. సగం నురగ చెంపనే ఉంచుకుని, ఉదయగిరి బజారంతా వినపడేలా "ఇంక చూడండి" అన్నాడు. ఏం చూడాలో ఎవరికీ తెలియలేదు. ఆ పదవి కోసం ఆయన ఎక్కని గడప లేదు, మోయని జెండా లేదు. ఓడిపోయిన జెండాలు కూడా మోశాడు.

కొత్త కోడలు అశ్విత ఈ వైభవాన్ని వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. ఆమె మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. ఎమ్మెస్సీ చదివి వచ్చిన పిల్లకు ఆ ఇంట్లో దొరికిన సంబరమల్లా మూడు వీధి పిల్లులు. వాటికి పాలన్నం పెడుతుంది. మీసానికి మెతుకు అంటుకుంటే చాలు, ఆమెకు ఆ రోజంతా పండగే.

గంజి చొక్కా, కండువా, వెనక అనుచరులు. చెంచురామయ్య గడప దాటాడు. నల్ల పిల్లి అడ్డం నడిచింది.

పిల్లి ఎదురైతే లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. ఊరికి బుద్ధులు చెప్పే పెద్దమనిషి అదంతా శ్రద్ధగా చేశాడు. లేచాడు. చారల పిల్లి. మళ్ళీ కాళ్ళు. ఇక బొల్లి పిల్లి నడవను కూడా నడవలేదు. గడప ముందే కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది.

"పెండ్లిలో కూడా మా నాయన నీ కాళ్ళకి ఇన్ని నీళ్ళు పొయ్యలేదయ్యా," అంది ఆయన భార్య పెంచలమ్మ.

"ఇంటి పిల్లికి శకునం లేదంట మామయ్యా. మా అవ్వ చెప్తా ఉండేది," అంది అశ్విత.

"పాయింటేనన్నా," అన్నాడు అనుచరుడు సురేంద్రబాబు, వాచీ చూసుకుంటూ.

"సరే. ఈ మూడూ ఈ పొద్దు నుంచి మా ఇంటియే. నలుగురూ వింటా ఉండారు గదా," అని తీర్పు చెప్పి కారెక్కాడు.

ఆయన చేరేసరికే ఆత్మకూరులో దండ, అదే పదవికి కాచుకున్న వరదయ్య మెడలో పడింది. పూలు వాడిపోతాయని ఎవరో తొందరపడ్డారట. వాళ్ళ రాజకీయాలకు ఆ మాత్రం సిద్ధాంతం చాలు. అనుచరులు వరదయ్య వెంటే ఉండిపోయారు. చెంచురామయ్య ఒక్కడే తిరిగొచ్చేసరికి పిల్లులు ఆయన పడక్కుర్చీలో ఉన్నాయి. తరుముదామని చెయ్యెత్తాడు. కానీ నలుగురిలో అన్న మాట. పోయి అరుగు మీద కూర్చున్నాడు.

నెల తిరిగేసరికి, పొద్దున లేస్తూనే ఏ నాయకుడు ఎటు దూకాడో ఆరా తీసే మనిషి, చారలదాని చెవిలో రక్తం పీల్చే గోమార్లు వెతుకుతున్నాడు. పిల్లుల సంఘానికి అధ్యక్షుడైనాడని ఊరు నవ్వింది. దువ్వెన అందిస్తూ అశ్విత కూడా నవ్వింది, వేరే నవ్వు.

ఒక సాయంత్రం సురేంద్రబాబు వచ్చాడు.

"అన్నా, రేపు వరదయ్యకి సన్మానం. నువ్వు స్టేజీ మీద ఉంటే సొసైటీలో డైరెక్టర్‌గా ఏస్తారంట."

"గంజి చొక్కా తియ్యమంటావా?" అంది పెంచలమ్మ, మొగుడి మొహంలోకి చూస్తూ.

చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు. చెయ్యి కండువా కోసం భుజం దాకా వెళ్ళింది. ఒళ్ళో బొల్లిది నిద్రలోనే కాలు చాపింది. చెయ్యి కిందికి దిగింది.

"రేపు కుదరదురా. కోడలూ నేనూ సోమశిలకి పోతా ఉండాం, చేపలకి."

"చేపలు ఎవరికన్నా?"

"ఇంటోళ్ళకి," అని కోడలి వైపు తిరిగాడు. "తెల్లారే బయల్దేరదాం అమ్మా. ఎండెక్కితే మంచి చేప దొరకదు."