ఆషాఢంలో ఒక్క బ్యాటరీ

నేను ఒక లిథియం బ్యాటరీని. బరువు పన్నెండు కిలోలు, అంటే చంకనెక్కి దిగనని మారాం చేసే రెండేళ్ళ పాపంత. పొట్టలో నాలుగు సెల్లులు, నెత్తిన రెండు కొమ్ములు, వాటి మధ్య నా మంచిచెడ్డలు చూసుకునే చిన్న సర్క్యూటు. ఫ్యాక్టరీలో నన్ను నింపారు, ఖాళీ చేశారు, మళ్ళీ నింపారు. పెళ్ళిచూపుల్లో పిల్లని నడవమన్నట్టే. పాసయ్యాక ఒంటి మీద ‘వంద ఆంపియర్ అవర్లు’ అని అచ్చేసి, రాజమండ్రిలో కొండలరావుగారి దుకాణానికి పంపారు.

అక్కడ నా పక్కన ఒక పాతకాలపు లారీ బ్యాటరీ ఉండేది. నాకు రెండింతలు బరువు, నాలుగింతలు గొప్పలు. “నన్ను సగానికి మించి వాడితే పాడైపోతా, తెలుసా?” అని అదేదో ఘనకార్యంలా చెప్పుకునేది. నన్ను అయిదింట నాలుగు వంతుల దాకా హాయిగా వాడుకోవచ్చు. పెద్దల ముందు చెప్పకూడదని ఊరుకున్నాను.

మే నెలలో ఒకనాడు దుకాణంలోకి ఒక కొత్త జంట వచ్చింది. పదహారు రోజుల పండగ ముందురోజే అయింది. పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. అమ్మాయి తన్మయి, అబ్బాయి శశాంక్. ఒక పాత స్కూలు వ్యాను కొని, అందులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు అమర్చుకుంటున్నారట. ఎందుకని కొండలరావుగారు అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశారు.

సంగతేమిటంటే, శశాంక్ వాళ్ళ అమ్మ భ్రమరాంబగారికి పట్టింపులెక్కువ. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, కాబట్టి కోడలు నెల్లాళ్ళు అనకాపల్లిలో పుట్టింట ఉండాలి. పెళ్ళయిన నెలన్నరకే ఎడబాటు! అప్పుడు తన్మయికి తట్టింది, అత్తగారి గడప దాటకపోతే చాలు కదా, మొగుణ్ణి ఎందుకు విడవాలి? ఇద్దరూ వ్యానులో ఉంటే సరి. భ్రమరాంబగారు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద.

“రోజూ సాయంత్రం ఏడింటికి వీడియోలో చూస్తాను. ఆ బండిలో ఒక్క పూట దీపం వెలగకపోయినా, అమ్మాయ్, మర్నాడు పొద్దున్నే అనకాపల్లి బస్సెక్కాలి.”

అందుకే నన్ను ఎంచడానికి అంత హడావిడి. తన్మయి ఇంజనీరింగ్ చదివింది. చీటీ తీసి చదివింది. ఫ్రిజ్జుకి అయిదు వందలు, ల్యాప్‌టాప్‌కి నాలుగు వందలు, ఫ్యానుకి రెండు వందల ఇరవై, లైట్లకీ ఫోన్లకీ కలిపి ఎనభై. రోజుకి మొత్తం పన్నెండు వందల వాట్ అవర్లు. నా కడుపులో పట్టేది దాదాపు అంతే. పైన సోలార్ పలక రోజూ పదమూడు వందలు పోస్తుంది. ఇంకేం?

“మబ్బు రోజులకి ఎంత దాస్తున్నారండీ?” అన్నారు కొండలరావుగారు. “రెండ్రోజులు ఎండ లేకపోయినా నిలబడాలి కదా. ఇలాంటివి కనీసం రెండు తీసుకోండి. ఇంజను నడిచేటప్పుడు నింపే చార్జరు కూడా పెట్టించుకోండి.”

బయట రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. తన్మయి కొంగుతో విసురుకుంటూ, “మబ్బా? ఈ ఎండలకి పలకే కరిగిపోయేట్టుంది బాబాయిగారూ!” అంది. శశాంక్ ఏదో అనబోయాడు. భార్య లెక్క వేస్తుంటే అతను ఆమె కనుబొమ్మలనే చూస్తాడు, అంకెలను కాదు. నాతో పాటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కవల సోదరుడు షెల్ఫులోనే ఉండిపోయాడు.

ఆషాఢం కోసమే బండి కట్టుకున్నవాళ్ళు, ఆషాఢమంటే వానాకాలమని మరిచిపోయారు! మనుషులు ప్రేమలో పడటమంటే ఇదే కాబోలు.

ఆషాఢం మొదటి వారం నేను రాజాలా బతికాను. ఫ్రిజ్జులో పాలు, పెరుగు, ఒక డబ్బా నిండా మల్లెపూలు. పొద్దున్నే వాళ్ళు కాఫీ ఒకే గ్లాసులో తాగేవారు. రెండో గ్లాసు ఉంది. నేను చూశాను.

తరవాత మారేడుమిల్లి అడవిలో వాన పట్టుకుంది. మొదటిరోజు యాభై శాతానికి దిగాను. రెండోరోజు రాత్రి అతను నిద్రపోయినప్పుడల్లా ఆమె ఫ్యాను ఆపేది, ఆమెకి చెమట పడుతుందని అతను లేచి వేసేవాడు. మూడోరోజు తన్మయి ఆఫీసుకి సెలవు పెట్టి ల్యాప్‌టాప్ మూసేసింది. చెట్లు కూలి, వ్యాను ఆపుకున్న టీ హోటల్లోనూ కరెంటు లేదు. నాకు మిగిలింది తొమ్మిది శాతం. ఒక్క లైటుకైతే అది రెండు రోజులకి సరిపోతుంది. షరతు గట్టెక్కినట్టే.

ఆ సాయంత్రం టీ హోటల్ అమ్మ కొంగు నిండా ఆకు తెచ్చి పోసింది. గోరింటాకు!

“ఆషాఢంలో పెట్టుకోకపోతే ఎలా, కొత్త పెళ్ళికూతురా?” అంది.

తన్మయి కళ్ళు మెరిశాయి. రోలు లేదు. మిక్సీ ఉంది. “రెండే నిమిషాలు,” అంది. శశాంక్, “లైటుకి ఉంచొద్దూ?” అన్నాడు. అంటూనే చింతపండు నానేశాడు.

ఏడు వందల యాభై వాట్ల మిక్సీ ఆ నీరసంలో నన్ను ఒక్క గుంజు గుంజింది. నా లోపలి కాపలా సర్క్యూటు తలుపు మూసేసింది. ఆకు సగం నలిగింది, లైటు పూర్తిగా ఆరింది. సరిగ్గా ఏడింటికి ఫోను మోగింది.

చీకట్లో ఫోను వెలుగే ముఖం మీద పడుతుంటే తన్మయి, “పోయింది అత్తయ్యా,” అంది. అబద్ధమాడే తెలివి ఆమెకి లేదు. అవతలి నుంచి వెంటనే ప్రశ్న. “ఎందుకు పోయింది?” “గోరింటాకు రుబ్బబోయాను.” అత్తగారు ఫోను పెట్టేశారు.

మర్నాడు పొద్దున వానలోనే ఒక కారు వచ్చి ఆగింది. సర్దిన సూట్‌కేసు పక్కన తన్మయి, పక్కకి తిరిగి శశాంక్. గొడుగు వేసుకుని భ్రమరాంబగారు దిగారు. చంకలో తువ్వాలు చుట్టిన బరువేదో ఉంది. విప్పితే నా కవల సోదరుడు!

“ఆ కొట్టాయనకి ఫోన్ చేశాను. ‘రెండు తీసుకోమన్నానండీ, వినలేదు’ అన్నాడు,” అన్నారు. “పెళ్ళయిన కొత్తలో ఆషాఢానికి నన్ను పుట్టింటికి పంపేశారు. మీ మావయ్య రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ప్రహరీ అవతల బెల్లు కొట్టి వెళ్ళేవారు. నెల్లాళ్ళు నేను ఆ బెల్లు విన్నాను గానీ మనిషిని చూడలేదు.”

“మరి షరతు, అత్తయ్యా?”

“ఆరింది నిన్న. నేను కళ్ళతో చూసేది ఇవాళ. వేగం బిగించు, తడుస్తున్నాను.”

లోపలికి రమ్మందామంటే గడప అడ్డం! అంతలో శశాంక్ వ్యాను వెనక తలుపు తీశాడు. స్కూలు బండి కదా, అత్యవసర ద్వారం. పక్క తలుపు కోడలిది, వెనక తలుపు అత్తగారిది. శాస్త్రం తడవలేదు.

నిండినవాణ్ణీ ఖాళీవాణ్ణీ ఒకేసారి కలపకూడదని తన్మయికి తెలుసు. నన్ను విప్పి పక్కన కూర్చోబెట్టి సోదరుణ్ణి తగిలించింది. లైటు వెలిగింది. మిక్సీ తిరిగింది. సగంలో ఆగిన ఆకు మెత్తగా నలిగింది. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకరి చేతికి ఒకరు పెట్టుకున్నారు. ఎవరి చేయి ఎక్కువ పండిందో నేను చెప్పను, ఇద్దరి మధ్యా కూర్చున్నది నేనే.

ఎండ వచ్చాక నన్నూ నింపి, సోదరుడి పక్కనే కట్టారు. ఇప్పుడు గోడ మీద పాత చీటీ కింద తన్మయి రాసిన రెండు కొత్త వరుసలున్నాయి. ‘గోరింటాకు: మిక్సీ, అయిదు నిమిషాలు.’ ‘అత్తయ్య: వెనక తలుపు.’