మారని ప్రోగ్రామ్

ఒక చేత్తో దోసె తిరగేస్తూ, రెండో చేత్తో ల్యాప్‌టాప్‌లో ఆ ముసలి ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ నడిపించడం రాజశ్రీకి అలవాటైపోయింది. నాచారం మందుల గోదాంలో, చల్లగదిలో వేడి పెరిగితే అలారం పంపాల్సింది ఆ ప్రోగ్రామే. అది కాసేపు ఏమీ పంపకుండా ఊరుకుంటే చాలు, మధ్యలో నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ చడీచప్పుడు లేకుండా కనెక్షన్ తెంపేస్తుంది. ప్రోగ్రామ్‌కు ఆ సంగతే తెలియదు. రాసిన కంపెనీ ఏనాడో మూతపడింది, మార్చుకుందామంటే సోర్స్ కోడ్ లేదు. అందుకని ఆదివారం లేదు, పండగ లేదు, దాన్ని లేపే పని రాజశ్రీది. ఉప్పల్‌లో ఇంట్లో మొగుణ్ణి లేపే పనీ ఆమెదే. లక్ష్మీకాంత్ తాగిన గ్లాసు కూడా తీయడు. "వాడు చిన్నప్పటిసంది గంతే బిడ్డా, నువ్వే జర సర్దుకోవాలె" అంటుంది అత్త ఛాయాదేవి. పెళ్లయిన కొత్తలో ఆ మాటలో ప్రేమ వినిపించింది. ఇప్పుడు వింటే ఒళ్లు మండుతుంది.

ప్రోగ్రామ్‌ను లేపీ లేపీ విసిగి, రాజశ్రీ లినక్స్‌లో దానికి తోడుండే చిన్న కోడ్ ముక్క, లైబ్రరీ ఒకటి రాసింది. ప్రోగ్రామ్ కంటే ముందే అది లోడవుతుంది. ప్రోగ్రామ్ బయటికి కనెక్షన్ కోసం సాకెట్ తెరిచినప్పుడల్లా దానికి కీప్‌అలైవ్ తగిలిస్తుంది. ఇక ఉన్నావా, ఉన్నావా అని అవతలికి పలకరింపు పోతూనే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. మేనేజర్ గిరిధర్ పెదవి విరిచాడు. పరీక్షలో అలారం రాకపోతే ఇకపై గంటగంటకూ ఆమే లేపాలన్నాడు, ఇంటి నుంచైనా సరే.

సాయంత్రం గోదాంలో ప్రోగ్రామ్ ఏ కబురూ పంపకుండా కనెక్షన్‌ను చాలాసేపు అలాగే ఉంచారు. తీరా లోపల వేడి పెరిగేలా చల్లగది తలుపు తెరవబోతుండగా లక్ష్మీకాంత్ ఫోన్. రామంతాపూర్ నుంచి మేనత్త వాళ్లు వచ్చారట, వెంటనే వచ్చి వంట చేయాలట.

"ఆ పని రేపు జేస్కోరాదు? జర సర్దుకో."

తలుపు తెరిచారు. లోపల అంకెలు ఎక్కుతున్నాయి. తెర మాత్రం ఉలకదు, పలకదు. గిరిధర్ అప్పుడే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

అలారం గణగణా మోగింది.

"ఏందా సప్పుడు? బయల్దేరినవా?" ఫోన్ ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది.

"ఈ ప్రోగ్రామ్ రాసినోళ్లు లేరు, మార్చెటోళ్లు లేరు. అందుకే బయటి నుంచి నేను సర్దిన," అంది రాజశ్రీ. "మీరైతే ఉన్నరు గద. ఇంక మీరే మారాలె."

బియ్యం డబ్బా ఎక్కడుంటుందో కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసింది.